ఎండకు మొరాయించిన కారు

పిల్లలూ!

మీ వీధిలో ఎవరికైనా పాత అంబాసిడర్ కారు ఉన్నదా? గుండ్రటి వీపు, పెద్ద పెద్ద కళ్ళలాంటి రెండు దీపాలు, లోపల మంచంలాంటి సీటూ — ఒక్కసారి చూస్తే ఇక మరిచిపోలేరు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు ఉండేది. దాన్ని ఒరవడిగా పెట్టుకుని, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివర అంబాసిడర్లు తయారు చెయ్యటం మొదలు పెట్టారు. 2014లో ఆ తయారీ ఆగిపోయింది. అయినా మక్కువ కొద్దీ ఆ కార్లను నేటికీ దాచుకున్నవాళ్ళున్నారు.

వాళ్ళను పలకరించి చూడండి. చాలామంది ఒకే చిత్రం చెబుతారు. "పొద్దున్నే తాళం తిప్పామో లేదో, లేచి కూర్చుంటుంది. ఎండలో యాభై కిలోమీటర్లు పోయి, కాఫీకని ఆపి, మళ్ళీ తాళం తిప్పితే మాత్రం ససేమిరా లేవదు. అరగంట పోనిస్తే ఏమీ ఎరగనట్టు లేస్తుంది!" అంటారు.

చలికి బిగుసుకుపోయిన యంత్రం లేవలేదంటే అర్థం చేసుకోవచ్చు. వేడిగా, హుషారుగా పరుగెత్తి వచ్చిన యంత్రం లేవకపోవటం ఏమిటి? ఈ నెల ఆ సంగతి చెబుతాను. దానితోపాటు, ఆ కారు మూలాన నేను చేసిన ఒక తప్పు కూడా చెబుతాను. సైన్సు పాఠం సగం ఆ తప్పులోనే ఉన్నది.

అది 1987 మే నెల. అప్పటికి నేను హెడ్మాస్టరును కాను, సైన్సు చెప్పే కుర్ర ఉపాధ్యాయుణ్ణి. ఒంగోలులో మాకు పది రోజులపాటు శిక్షణ తరగతులు పెట్టారు. మా ఊరి నుంచి నలుగురు మేష్టర్లం కలిసి ఒక అంబాసిడర్ టాక్సీ మాట్లాడుకున్నాం. పొద్దున్నే పోవటం, మధ్యాహ్నం రెండు గంటలకు బయలుదేరి రావటం. కారు ఆ డ్రైవరు సొంతమే. నెమ్మదైన మనిషి. ఆయన కొడుకు మా బళ్ళోనే ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. సెలవులు కనక తండ్రితోపాటు వచ్చి, అద్దాలు తుడుస్తూ, రేడియేటరుకు నీళ్ళు తెస్తూ ఉండేవాడు.

దారి మధ్యలో చింతచెట్టు కింద ఒక టీకొట్టు ఉండేది. వచ్చేటప్పుడు అక్కడ ఆగి, టీ తాగి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. ఎక్కటం అయితే ఎక్కేవాళ్ళంగాని, కారు కదిలేది కాదు! సెల్ఫ్ తిరిగేది, ఇంజను మాత్రం అందుకునేది కాదు. చేసేది లేక మళ్ళీ దిగి బెంచీల మీద కూర్చునేవాళ్ళం. కూర్చున్నవాళ్ళం ఊరుకుంటామా? మిరపకాయ బజ్జీలు, ఇంకో విడత టీ. అరగంటో, ముప్పావు గంటో గడిచాక కారు లేచేది.

ఆ కొట్టు ఎవరిదనుకున్నారు? మా డ్రైవరు బావమరిదిది!

ఇంకేముంది, మాలో ఒకాయన, "ఇదంతా బావా బావమరుదుల నాటకమండీ. మన చేత బజ్జీలు కొనిపించటానికే," అన్నాడు. మొదట నవ్వుకున్నాం. ఆరోనాడు మాత్రం నవ్వు రాలేదు. మా తెలుగు పండితులుగారి తల్లికి గుంటూరు ఆస్పత్రిలో ఆపరేషను. ఆయన ఆ సాయంకాలం బస్సు అందుకోవాలి. కారు ఎప్పటిలాగే చింతచెట్టు కింద మొరాయించింది. మేము ఊరు చేరేసరికి బస్సు వెళ్ళిపోయింది. పాపం, ఆయన రాత్రంతా కంటి మీద కునుకు లేకుండా గడిపి, మర్నాడు వెళ్ళాడు. తల్లికి నయమైంది గాని, ఆ రాత్రి మాకందరికీ ఒళ్ళు మండిపోయింది.

డబ్బులిచ్చేటప్పుడు నేను ఊరుకోలేకపోయాను. "ఏమయ్యా, నీ కారుకు మీ బావమరిది కొట్టంటే అంత మమకారమా?" అన్నాను. ఆయన బదులు చెప్పలేదు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. వెనక నిలబడి ఉన్న పిల్లవాడు ఆ మాట విన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక నోటుపుస్తకం. "మేష్టారూ, ఇది ఒక్కసారి చూడండి," అన్నాడు. రోజూ కారు ఎక్కడ, ఎంతసేపు ఆగిందీ, మళ్ళీ లేచిందీ లేనిదీ, అన్నీ అందులో రాసి పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం, రైలు గేటు దగ్గర 4 నిమిషాలు — లేచింది.
మధ్యాహ్నం, పెట్రోలు బంకులో 5 నిమిషాలు — లేచింది.
మధ్యాహ్నం, టీకొట్టు దగ్గర 15 నిమిషాలు — లేవలేదు.
మధ్యాహ్నం, గుడి దగ్గర 20 నిమిషాలు — లేవలేదు.
మధ్యాహ్నం, పెళ్ళివారింటి దగ్గర గంటసేపు — లేచింది.
పొద్దున, అదే టీకొట్టు దగ్గర 15 నిమిషాలు — లేచింది.

"మా నాయన నాటకం ఆడితే, గుడి దగ్గర ఎందుకు ఆడాలి మేష్టారూ? అక్కడ కొట్టు లేదు గదా? పొద్దున అదే కొట్టు దగ్గర ఎందుకు ఆడలేదు?" అన్నాడు వాడు.

నాకు నోట మాట రాలేదు. "చూసింది రాయండి, అనుకున్నది రాయకండి" అని తరగతిలో వాళ్ళకు చెప్పినవాణ్ణి నేనే! వాడు చూసింది రాశాడు. నేను అనుకున్నది అనేశాను.

ఇప్పుడు మీరు కూడా ఆ పట్టిక వంక మరోసారి చూడండి. కాసేపు ఆగితే లేస్తున్నది. చాలాసేపు ఆగితే లేస్తున్నది. మధ్యరకంగా ఆగితేనే లేవటం లేదు. అదీ ఎండవేళలోనే. అంటే కారు ఆగిన తరవాత లోపల ఏదో పెరిగి, ఆ తరవాత మళ్ళీ తగ్గుతున్నదన్నమాట. ఏమిటది?

వేడి! "ఆపిన ఇంజను చల్లబడాలి గాని, వేడెక్కుతుందా?" అంటారేమో. మీ వంటింటిని తలుచుకోండి. పొయ్యి మండుతున్నది, పైన ఫాను తిరుగుతున్నది. పొయ్యి ఆర్పేశారు, ఆ క్షణంలోనే కరెంటు పోయింది. పొయ్యి ఆరినా, పెనం ఎర్రగా కాలి ఉన్నది. గాలి లేదు. అప్పుడు గదిలో ఉక్క తగ్గుతుందా, పెరుగుతుందా? కాసేపు పెరిగి, ఆ తరవాత గదా తగ్గేది!

కారులోనూ అంతే. నడుస్తున్నంతసేపూ ముందునుంచి గాలి కొడుతుంది, ఫాను తిరుగుతుంది, నీళ్ళు ఇంజను చుట్టూ తిరిగి వేడిని రేడియేటరుకు మోస్తాయి. తాళం తీయగానే ఈ ముగ్గురు పనివాళ్ళూ ఒక్కసారిగా పని మానేస్తారు. అంబాసిడర్ ఇంజను బరువైన పోత ఇనుము. అందులో దాగిన వేడి ఎక్కడికి పోతుంది? మూసిన బానెట్ కింద నలుదిక్కులా పాకుతుంది. అందుకే కారు ఆపిన పది, ఇరవై నిమిషాల దాకా బానెట్ కింద వేడి ఎక్కుతూనే ఉంటుంది.

ఆ వేడికి మొదట లొంగేది పెట్రోలు. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని మీకు తెలుసు. పెట్రోలు ఒక్క పదార్థం కాదు, అనేక నూనెల మిశ్రమం. అందులో తేలికవి సుమారు 35 డిగ్రీలకే మరగటం మొదలు పెడతాయి. బరువైనవి మరగాలంటే 200 డిగ్రీల దాకా పోవాలి. మే నెలలో ఒంగోలు గాలే 40 డిగ్రీలు దాటుతుంది. ఇక బానెట్ కింద సంగతి చెప్పాలా?

దీనికి తోడు పంపు ఒకటి. ఆ కారులో పెట్రోలు ట్యాంకు వెనక ఉంటుంది. పంపు ముందు, ఇంజను పక్కన ఉండి, గొట్టం గుండా పెట్రోలును పీల్చుకుంటుంది. పీల్చినప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ద్రవాలు తక్కువ వేడికే మరుగుతాయి. ఎత్తయిన కొండల మీద నీళ్ళు 100 డిగ్రీలకు ముందే మరగటం ఇందుకే. ప్రెషర్ కుక్కర్లో దీనికి తిరగబడి జరుగుతుంది. అక్కడ ఒత్తిడి ఎక్కువ కనక, నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు.

గొట్టంలో పెట్రోలు మరిగి ఆవిరైతే ఏమవుతుంది? చెంచాడు ద్రవం ఆవిరైతే నూరు చెంచాలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. పంపు ద్రవాన్ని తొయ్యటానికి పుట్టింది. ఆవిరి దాని చేతికి చిక్కదు. నొక్కితే నలుగుతుంది, వదిలితే ఉబ్బుతుంది, ముందుకు మాత్రం పోదు. మూతి దగ్గర చిల్లిపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగబోతే గాలే వస్తుంది చూశారా, అట్లాగే ఇంజను నోటికి చుక్క కూడా అందదు. దీన్నే 'వేపర్ లాక్' అంటారు. అంటే ఆవిరి వేసిన తాళం.

ఇప్పుడు పట్టిక అంతా విడిపోయింది. నాలుగైదు నిమిషాలకు వేడి ఇంకా పెట్రోలును పట్టుకోలేదు, కనక కారు లేచింది. పదిహేను, ఇరవై నిమిషాలకు ఆవిరి తాళం పడింది. గంట అయ్యేసరికి వేడి తగ్గి, ఆవిరి మళ్ళీ పెట్రోలై, తాళం ఊడింది. పొద్దున చల్లగాలి కనక తాళమే పడలేదు.

ఇంత చక్కగా ఆలోచించాం గదా, ఇక అయిపోయిందా? కాలేదు! ఒక మనిషిని పరీక్షించకుండా నిందించి తప్పు చేశాను. ఇప్పుడు పెట్రోలును పరీక్షించకుండా నిందిస్తే అదీ తప్పే. వేడికి చెడేవి కారులో ఇంకా ఉన్నాయి.

అందుకని ఆ మధ్యాహ్నం మా ఊరి మెకానిక్కు మేస్త్రిని వెంట తీసుకుపోయాం. అదే టీకొట్టు దగ్గర, అదే పదిహేను నిమిషాలు ఆగాం. రోగం ఉన్నప్పుడే నాడి చూడాలి. చల్లబడ్డాక కారును షెడ్డుకు తోలుకుపోతే, అక్కడ అంతా బాగానే ఉంటుంది మరి! మేస్త్రి వరసగా మూడు ప్రశ్నలు వేశాడు.

మొదటి ప్రశ్న: సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నదా? వేడెక్కిన రాగితీగ కరెంటుకు ఎక్కువగా అడ్డు తగులుతుంది. 50 డిగ్రీలు పెరిగితే ఆ అడ్డు ఇంచుమించు అయిదో వంతు పెరుగుతుంది. బ్యాటరీ నీరసించినా, తీగల కొసలు చిలుం పట్టినా, చల్లగా ఉన్నప్పుడు ఎట్లాగో నెట్టుకొచ్చే సెల్ఫ్, వేడి మీద 'గుర్... గుర్...' మని మూలుగుతుంది. మా కారు సెల్ఫ్ గిర్రున తిరిగింది. దాని తప్పు లేదు.

రెండో ప్రశ్న: నిప్పురవ్వ పడుతున్నదా? బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులుగా పెంచి ప్లగ్గులకు పంపుతుంది. కాయిల్ లోపల జుట్టంత సన్నని తీగ వేల చుట్లు ఉంటుంది. పాతబడ్డ కాయిల్ వేడెక్కితే పైపూత వదులై, కరెంటు లోపల్లోపలే దారి తప్పవచ్చు. దాని తోడుగా ఉండే కండెన్సరూ అంతే. మేస్త్రి ప్లగ్గు తీసి చూశాడు. నీలిరంగు రవ్వ 'టక్ టక్' మని గట్టిగా పడింది. పసుపుపచ్చగా, నీరసంగా పడితే అనుమానించాలి. కాయిల్ కూడా నిర్దోషి.

మూడో ప్రశ్న: పెట్రోలు వస్తున్నదా? ఈసారి ప్లగ్గుల తీగలన్నీ దూరంగా పెట్టి, రవ్వ పడకుండా చేసి, కార్బురేటరు దగ్గర గొట్టం విప్పి ఒక సీసాలో పెట్టాడు. సెల్ఫ్ తిప్పితే ధార రావాలి. రాలేదు! బుస్సుమని నురగ, రెండు చుక్కలు, మళ్ళీ బుస్సు. దొంగ దొరికాడు.

మేస్త్రి గొట్టం మళ్ళీ బిగించి, ఒక గుడ్డ తడిపి పిండి పంపు మీదా, పెట్రోలు గొట్టం మీదా కప్పాడు. తడిగుడ్డ ఆరుతూ వేడిని లాగేస్తుంది. కూజాలో నీళ్ళు చల్లబడే కిటుకే అది. అయిదు నిమిషాలు కాకుండానే కారు లేచింది. పిల్లవాడు నోటుపుస్తకం తీసి, "టీకొట్టు దగ్గర 15 నిమిషాలు, తడిగుడ్డ — లేచింది" అని రాసుకున్నాడు. ఒక్క సంగతి మార్చాం, ఫలితం మారింది. రుజువంటే అదీ!

మరి కొన్నాళ్ళ కిందటిదాకా రాని జబ్బు కొత్తగా ఎందుకు వచ్చింది? మేస్త్రి వంగి చూసి పెదవి విరిచాడు. ఆ ఇంజనులో పెట్రోలు కలిపే కార్బురేటరూ, మంట పొగ బయటికి పోయే ఇనప గొట్టమూ ఒకే పక్కన ఉంటాయి. పొగ గొట్టం వందల డిగ్రీలు కాలుతుంది. ఆ రెంటి మధ్య అడ్డంగా ఒక రేకు ఉండాలి. అంతకు ముందు ఎవరో రిపేరు చేస్తూ ఆ రేకు ఊడదీసి మళ్ళీ పెట్టలేదు. పెట్రోలు గొట్టాన్ని కూడా పొగ గొట్టానికి ఆనుకునేట్టు వంచి పెట్టారు. మేస్త్రి గొట్టాన్ని మూడు అంగుళాలు ఎడంగా జరిపి, కొత్త రేకు కోసి బిగించాడు. మిగిలిన మూడు రోజులూ కారు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఆ సాయంకాలం అందరి ముందూ డ్రైవరుతో, "నిన్న తొందరపడి తప్పు మాట అన్నాను. మనసులో పెట్టుకోకు," అన్నాను. ఆయన, "నన్నంటే అన్నారు లెండి మేష్టారూ. మావాడి ముందర అన్నారు, అందుకే బాధపడ్డాను," అన్నాడు. ఆ మాట నేను ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. తరవాత హెడ్మాస్టరునై, పిల్లల తగవులు తీర్చవలసి వచ్చినప్పుడల్లా, మాట అనేముందు చింతచెట్టు నీడా, ఆ నోటుపుస్తకమూ నా కళ్ళ ముందు నిలిచేవి.

పాత కారున్న పెద్దలకు నాలుగు మాటలు. వేడి మీద కారు లేవకపోతే బానెట్ ఎత్తి పెట్టండి, నీడకు తొయ్యండి. పెట్రోలు వాసన గుప్పుమంటే అది వేరే జబ్బు. కార్బురేటరు గిన్నెలో పెట్రోలు పొంగి ఇంజనులోకి ఎక్కువగా పోయిందన్నమాట. అప్పుడు చోక్ లాగకండి. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి అట్లాగే పట్టుకుని సెల్ఫ్ తిప్పితే, గాలి బాగా పోయి ఇంజను తేరుకుంటుంది. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు గుమ్మరించకండి, పగులుతుంది. వేడి రేడియేటరు మూత విప్పకండి, మరుగునీళ్ళు ముఖాన చిమ్ముతాయి. పూర్వం పొగ గొట్టాలకు ఆస్‌బెస్టాస్ తాడు చుట్టేవారు. దాని పొడి ఊపిరితిత్తులకు చాలా హాని కనక దాని జోలికి పోవద్దు. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. అది పాతకాలపు రబ్బరు గొట్టాలకు పడదు, కాబట్టి వాటిని మార్పించుకోండి.

పిల్లలు ప్లగ్గుల జోలికీ, పెట్రోలు జోలికీ పోకూడదు. నిప్పురవ్వ, పెట్రోలు ఆవిరి కలిస్తే ప్రమాదం. ఆ పరీక్షలు పని తెలిసినవాళ్ళవి.

మీకు వేరే పరీక్ష ఉన్నది. సూది లేని కొత్త సిరంజి ఒకటి తెచ్చుకోండి. అమ్మ చేతగాని, నాన్న చేతగాని అందులో మూడో వంతు పొగలు కక్కే వేడినీళ్ళు పీల్పించండి. గాలి బయటికి పోనిచ్చి, మూతి గట్టిగా మూయించి, పిడిని వెనక్కు లాగమనండి. పొయ్యి లేదు, మంట లేదు, అయినా నీళ్ళు తెకతెక మరుగుతాయి! పిడి వదిలితే మరగటం ఆగిపోతుంది. ఆ టీకొట్టు దగ్గర మా కారు గొట్టంలో జరిగింది అదే.

ఇక ఒక ప్రశ్న. ఈ కాలపు చాలా కార్లలో పంపు ట్యాంకులోనే మునిగి ఉండి, పెట్రోలును పీల్చకుండా, గట్టి ఒత్తిడితో ముందుకు తోస్తుంది. వాటికి ఆవిరి తాళం పడటం అరుదు. ఎందువల్ల? జవాబు ఈ పాఠంలోనే ఉన్నది. కుక్కరును తలుచుకోండి. మీకు తోచింది నోటుపుస్తకంలో రాసుకుని, ఇంట్లో పెద్దలకు చెప్పి చూడండి.

ఉంటాను మరి. వచ్చే నెల కలుసుకుందాం.

— మీ మేష్టారు తాతయ్య